లేత మనసులు నడిచి వచ్చిన దారి

1966లో ఏవీఎం సంస్థ తెలుగులో 'లేత మనసులు' విడుదల చేసింది. హరనాథ్, జమున అందులో భార్యాభర్తలు. వాళ్ల కవల కూతుళ్లుగా రెండు పాత్రల్లోనూ కుట్టి పద్మినే నటించింది. అమ్మానాన్నలు విడిపోయి చెరొక బిడ్డను పెంచుకుంటూ ఉంటారు. తనలాంటి పిల్ల ఇంకొకతె ఉందని ఇద్దరికీ తెలియదు. బడిలో ఎదురుపడతారు. అచ్చు ఒకే పోలిక చూసి మొదట ఆశ్చర్యపోతారు, తర్వాత ఆరా తీస్తారు, చివరికి అసలు సంగతి కనిపెడతారు. అక్కడి నుంచి పిల్లల ఎత్తు మొదలవుతుంది. ఈ పిల్ల ఆ ఇంటికి, ఆ పిల్ల ఈ ఇంటికి.

ఆ సినిమా పాటలు రేడియో పుణ్యమా అని రెండు మూడు తరాలకు కంఠతా వచ్చాయి. కథను మాత్రం అందరికీ తెలిసిందే కదా అని వదిలేశాం. కాస్త చదువుకున్నవాళ్లు అది హాలీవుడ్ నుంచి వచ్చిందంటారు. ఆ మాటలో సగమే నిజం. ఈ కథ హాలీవుడ్‌కూ బయటి నుంచి వచ్చిందే. దాని పుట్టుక నాజీల ఏలుబడిలోని జర్మనీలో, సొంత పేరుతో రాసే హక్కు పోగొట్టుకున్న ఒక రచయిత బల్ల మీద జరిగింది. ఆయన పేరు ఎరిష్ కెస్ట్‌నర్.

కెస్ట్‌నర్ 1899లో డ్రెస్డెన్‌లో పుట్టాడు. 1929లో రాసిన 'ఎమిల్ అండ్ ద డిటెక్టివ్స్' ఆయనను జర్మన్ పిల్లలందరికీ ఇష్టమైన రచయితను చేసింది. యుద్ధాన్నీ సైనిక దర్పాన్నీ ఎండగట్టే కవితలు ఆయనను అధికారంలోకి వస్తున్నవారికి కంటగింపు చేశాయి. 1933 మే 10న బెర్లిన్‌లోని ఒపేరా చౌకులో నాజీ విద్యార్థులు పుస్తకాలు కుప్పపోసి తగలబెట్టినప్పుడు ఆ మంటల్లో కెస్ట్‌నర్ పుస్తకాలూ ఉన్నాయి. పేరు చదివి మరీ మంటలో వేస్తుంటే ఆయన అక్కడే గుంపులో నిలబడి చూశాడు. తోటి రచయితలు చాలామంది దేశం విడిచిపోయారు. ఆయన పోలేదు. జర్మనీలో ప్రచురించుకునే వీలు లేకుండా, విదేశాల్లో అచ్చయ్యే తేలికపాటి హాస్య నవలలతో కాలం నెట్టుకొచ్చాడు.

1942 ప్రాంతంలో ఒక వింత జరిగింది. ఉఫా సినిమా సంస్థ తన ఇరవై అయిదేళ్ల పండుగకు 'మ్యున్‌హౌజెన్' అనే భారీ రంగుల చిత్రం తలపెట్టింది. దానికి తగిన రచయిత కోసం వెతికితే నిషిద్ధుడైన కెస్ట్‌నర్ దగ్గరికే రావలసి వచ్చింది. ప్రత్యేక అనుమతి మీద, బెర్తోల్డ్ బ్యుర్గర్ అనే మారుపేరుతో ఆయన ఆ స్క్రీన్‌ప్లే రాశాడు. దర్శకుడు హంగేరీ నుంచి వచ్చిన యోసెఫ్ ఫాన్ బాకీ. ఆ రోజుల్లోనే కెస్ట్‌నర్ బాకీ కోసం మరో కథ అల్లాడు: విడిపోయిన తల్లిదండ్రులు, ఒకరినొకరు ఎరగని కవలలు. 'పెద్ద రహస్యం' అని దానికి పేరు పెట్టుకున్నాడు. అంతలో పైవారు కన్నెర్ర చేశారు. 1943 తొలినాళ్లలో కెస్ట్‌నర్ మీద పూర్తి నిషేధం పడింది. కథ సొరుగులోకి వెళ్లిపోయింది.

యుద్ధం ముగిసేసరికి కెస్ట్‌నర్ మ్యూనిక్ చేరాడు. 'నోయే త్సైటుంగ్' పత్రికలో సాహిత్య పుటలు చూశాడు, 'పింగ్విన్' అనే యువజన పత్రిక నడిపాడు. పాత సినిమా కథను అప్పుడు మళ్లీ తీసి నవలగా మలిచాడు. 1949లో అది 'డాస్ డోపెల్టే లోట్‌షెన్' పేరుతో వెలువడింది. తెలుగులో చెప్పుకోవాలంటే 'ఇద్దరు లోట్టేలు' అనవచ్చు. బొమ్మలు వాల్టర్ ట్రియర్ వేశాడు. ఎమిల్‌కు ముఖచిత్రం గీసిందీ ఆయనే. యూదుడు కావడంతో 1936లో జర్మనీ విడిచి లండన్ వెళ్లి, అక్కడి నుంచి కెనడాలో స్థిరపడ్డాడు. ఒకే పుస్తకంలో ఒకరి మాటలూ ఒకరి బొమ్మలూ. మధ్యలో ఒక మహాసముద్రం. విడిపోయిన కుటుంబం గురించిన పుస్తకం అలా తయారైందన్న సంగతి నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది.

నవలలో ఒక పిల్ల లూయిజే పాల్ఫీ. వియన్నాలో ఒపేరా వాద్యబృందాన్ని నడిపే సంగీతకర్త కూతురు, దుందుడుకు పిల్ల. రెండో పిల్ల లోట్టే కోర్నర్. మ్యూనిక్‌లో ఒక సచిత్ర పత్రికలో ఫొటోలు ఎంపిక చేసే ఉద్యోగిని కూతురు. తల్లి పనికి వెళితే ఇల్లు చక్కబెట్టేదీ వంట చేసేదీ ఆ తొమ్మిదేళ్ల పిల్లే. ఒక సరస్సు ఒడ్డున వేసవి విడిదిలో ఇద్దరూ కలుస్తారు. తల్లి పేరు లూయిజెలోట్టే. తల్లిదండ్రులు విడిపోతూ పిల్లలతో పాటు ఆ పేరునూ రెండు ముక్కలు చేసి పంచుకున్నారన్నమాట. ఇంత చిన్న ఏర్పాటుతో ఇంత పెద్ద సంగతి చెప్పిన పిల్లల పుస్తకం అరుదు.

పిల్లలు ఇళ్లు మార్చుకున్నాక వచ్చే నవ్వులన్నీ ఇంటి పనుల చుట్టూ తిరుగుతాయి. వంట రాని లూయిజే మ్యూనిక్‌లో పొయ్యి ముందు నిలబడి తంటాలు పడుతుంది. వియన్నా హోటల్‌లో లూయిజేకు ప్రాణమైన తీపి అట్లు లోట్టేకు గిట్టవు. గిట్టకపోయినా నవ్వుతూ తినాలి. తమాషా నడుమ ఒక పీడకల వస్తుంది. తండ్రి పిల్లలను రంపంతో కోసి, సగం లోట్టే సగం లూయిజే తల్లికీ, మిగతా సగాలు తనకూ పంచుతానంటాడు. న్యాయస్థానాలు 'పిల్లల పంపకం' అని పొడిగా రాసుకునేది పిల్ల కలలో ఎలా కనిపిస్తుందో కెస్ట్‌నర్ దాచలేదు.

ఆయన కథను ఆపి పాఠకులతో నేరుగా మాట్లాడిన చోటు ఒకటుంది. పిల్లల పుస్తకంలో విడాకుల ప్రస్తావన ఏమిటని పెద్దలెవరైనా అడిగితే ఏం చెప్పాలో ఆయన పిల్లలకు నేర్పుతాడు. షర్లీ టెంపుల్ ఏడెనిమిదేళ్ల వయసులో ప్రపంచమంతా ఎరిగిన తార. తాను నటించిన సినిమా చూద్దామని తల్లితో థియేటర్‌కు వెళితే, చిన్నపిల్లవు లోపలికి రాకూడదన్నారట. విడాకుల సంగతీ అంతే అంటాడు. ఆ బాధ పడేది పిల్లలు. పడే బాధ గురించి వాళ్లతో మాట్లాడకూడదనడం అర్థం లేని పని. అలాగని తల్లిదండ్రులు ఎలాగైనా కలిసే ఉండి తీరాలని కూడా ఆయన వాదించడు. విడిపోని తల్లిదండ్రుల మధ్య నలిగే పిల్లలనూ అదే చోట తలుచుకుంటాడు. ఈ కథను తర్వాత ఎత్తుకున్నవారిలో ఎంతమంది ఈ పుట దగ్గర ఆగారన్నదే నా దృష్టిలో దాని చరిత్ర అంతా.

1950లో నవల సినిమా అయింది. దర్శకుడు మళ్లీ ఆ యోసెఫ్ ఫాన్ బాకీయే. ఎనిమిదేళ్ల కిందటి కోరిక అలా తీరింది. లోట్టే, లూయిజేలుగా నిజమైన కవలలు యుట్టా, ఈజా గ్యుంథర్ నటించారు. వ్యాఖ్యానం కెస్ట్‌నర్ స్వయంగా చదివాడు. పశ్చిమ జర్మనీ ప్రభుత్వం 1951లో చలనచిత్ర పురస్కారాలు మొదలుపెట్టినప్పుడు మొట్టమొదటి ఉత్తమ చిత్రం బహుమతి దీనికే దక్కింది. ఆ ఏళ్లలోనే కథ సరిహద్దులు దాటింది. 1951లో జపాన్‌లో పేరుమోసిన బాలగాయని మిసోరా హిబారి రెండు పాత్రలూ వేసి నటించింది. 1953లో బ్రిటన్‌లో ఎమెరిక్ ప్రెస్‌బర్గర్ 'ట్వైస్ అపాన్ ఎ టైమ్' తీశాడు. ఆ రెండూ ఇప్పుడు చరిత్రకారులకే గుర్తు.

1961లో వాల్ట్ డిస్నీ సంస్థ తీసిన 'ది పేరెంట్ ట్రాప్' సంగతి వేరు. లోకానికి ఈ కథ తెలిసింది దాని వల్లే. దర్శకుడు డేవిడ్ స్విఫ్ట్. పద్నాలుగేళ్ల ఇంగ్లిష్ పిల్ల హేలీ మిల్స్ ఇద్దరు కవలలుగా, బ్రయన్ కీత్, మొరీన్ ఒహారా తల్లిదండ్రులుగా నటించారు. వియన్నా, మ్యూనిక్‌ల స్థానంలో కాలిఫోర్నియా పశువుల క్షేత్రం, బోస్టన్ సంపన్నుల ఇల్లు వచ్చాయి. పనిచేసి బతికే తల్లి మాయమైంది. అక్కడే కథ సగం మారిపోయింది. కెస్ట్‌నర్ పుస్తకంలో పని అలసట, అద్దె ఇల్లు, వంటిల్లు ఉన్నచోట డిస్నీ సినిమాలో వేసవి శిబిరపు అల్లరి, డబ్బు కోసం తండ్రిని పెళ్లాడబోయే వయ్యారి, ఆమెను తరిమికొట్టే పిల్లల కొంటె పనులు నిండాయి. భార్యాభర్తలు ఎందుకు విడిపోయారన్న ప్రశ్నకు కోపతాపాలు, మొండితనం అన్నంత జవాబే మిగిలింది. హాయిగా నవ్వించే చిత్రమే, కాదనను. పీడకల మాత్రం అందులో లేదు.

సాంకేతికంగా ఆ చిత్రం పెద్ద ముందడుగు. ఒకే నటి ఇద్దరిగా కనిపించడానికి పాత పద్ధతి మాస్క్ షాట్. కెమెరా కటకంలో సగం మూసి ఒక పక్క నటన తీస్తారు, ఫిల్మ్ వెనక్కి తిప్పుతారు, మూసిన సగం తెరిచి తెరిచిన సగం మూసి రెండో పక్క తీస్తారు. కెమెరా వెంట్రుకవాసి కదిలినా మధ్యలో గీత పడుతుంది. నటి ఆ గీత దాటి చెయ్యి చాపకూడదు. డిస్నీవారు దీనితోపాటు సోడియం దీపాల పద్ధతినీ వాడారు. నటి వెనుక తెర మీద సోడియం ఆవిరి దీపాల పసుపుపచ్చని వెలుగు పరుస్తారు. ఆ వెలుగు వర్ణపటంలో చాలా సన్నని గీత. కెమెరా లోపలి పట్టకం ఆ ఒక్క వెలుగునూ విడదీసి మరో ఫిల్మ్ మీదికి పంపుతుంది. దానితో నటి ఆకారం అంచులు చెదరకుండా విడిగా దొరుకుతుంది, దాన్ని ఏ దృశ్యంలోనైనా అతికించవచ్చు. మిగతాచోట్ల వెనుక నుంచి కనిపించడానికి సూజన్ హెన్నింగ్ అనే అమ్మాయి డూప్‌గా నిలబడింది.

మన మద్రాసు స్టూడియోలలో ఆ పట్టకమూ లేదు, ఆ దీపాలూ లేవు. నమ్ముకున్నది మాస్క్ షాట్‌నూ, డూప్‌నూ, నటి నేర్పునూ. అందులో మనవారి చెయ్యి అప్పటికే తిరిగి ఉంది. ఒకే పోలిక పిల్లల కథ కూడా తెలుగు తెరకు కొత్త కాదు. 1954లో బి.ఏ. సుబ్బారావు 'రాజు పేద' తీశారు. మార్క్ ట్వైన్ 1881లో రాసిన 'ప్రిన్స్ అండ్ ద పాపర్' దానికి ఆధారం. రాకుమారుడిగా, పేదపిల్లవాడిగా మాస్టర్ సుధాకర్ ద్విపాత్రాభినయం చేశాడు. క్రూరుడైన తండ్రి పోలిగాడిగా ఎన్.టి. రామారావు గడ్డం మాసి, చింపిరి గుడ్డలతో కనిపించారు. అక్కడ తారుమారైనవి అంతస్తులు. 1964లో డి.వి. నరసరాజు రచనతో వచ్చిన 'రాముడు భీముడు' అదే తారుమారును పెద్దవాళ్ల మీదికి తెచ్చి, తమిళంలోకీ హిందీలోకీ పాకింది. ఒక ఇంట్లో దెబ్బలు తినేవాడి స్థానంలోకి ఎదురు తిరిగేవాడు రావడం మన ప్రేక్షకుడికి ఎంత తృప్తినిచ్చిందో ఆ విజయమే చెబుతుంది. ఏవీఎం చేతికి కవల పిల్లల కథ వచ్చేనాటికి నేల దున్ని సిద్ధంగా ఉంది.

పరాశక్తి దర్శకులుగా పేరుపొందిన కృష్ణన్, పంజు ద్వయం ముందు దీన్ని తమిళంలో 'కుళందైయుమ్ దైవముమ్'గా తీశారు. రచన జావర్ సీతారామన్‌ది. సంగీతం ఎం.ఎస్. విశ్వనాథన్‌ది. 1965 నవంబరులో విడుదలైన ఆ చిత్రంలో జైశంకర్, జమున జంట. మరుసటి ఏడు అదే దర్శకులు, అదే సంగీత దర్శకుడు, అదే జమున, అదే కుట్టి పద్మినితో తెలుగు చిత్రం తయారైంది. డబ్బింగ్‌తో సరిపెట్టకుండా తెలుగుకు విడిగా తీయడం ఆనాటి ఏవీఎం పద్ధతికి తగినదే. 1968లో హిందీ 'దో కలియాఁ' వచ్చింది. అందులో మాలా సిన్హా, బిశ్వజీత్ తల్లిదండ్రులు. బేబీ సోనియా పేరుతో నటించిన నీతూ సింగ్ కవలలు. పిల్లల పేర్లు గంగ, జమున. విడిపోయి పారి, చివరికి కలిసే నదులు. కెస్ట్‌నర్ తల్లి పేరును విరిచి పెట్టిన పేర్లకు సరితూగే ఆలోచన అది.

మద్రాసు రచయితలకు ఎదురైన అసలు చిక్కు విడాకులు. ఈ కథకు పునాది అదే. మన చట్టంలో దానికి చోటు అప్పుడప్పుడే వచ్చింది. కెస్ట్‌నర్ నవల అచ్చయిన 1949లోనే మద్రాసు రాష్ట్రం ద్విభార్యాత్వాన్ని నిషేధిస్తూ, హిందూ దంపతులకు విడాకులు అనుమతిస్తూ చట్టం చేసింది. ఆంధ్ర జిల్లాలు అప్పటికి మద్రాసులోనే ఉన్నాయి. 1955లో హిందూ వివాహ చట్టంతో ఆ హక్కు దేశమంతటికీ వచ్చింది. చట్టం వచ్చినంత సులువుగా సమాజం రాదు. జమున పాత్ర విడాకులు పుచ్చుకున్న స్త్రీగా తెర మీదికి వస్తే ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే సినిమా ఏమవుతుందన్న భయం ఆనాటి నిర్మాతకు సహజమే. కాబట్టి కాగితం మీద కాకుండా గుమ్మం దగ్గర విడిపోయే దారి వెతికారు.

ఆ దారి ఇల్లరికం. కలవారి అమ్మాయిని ప్రేమించి పెళ్లాడిన యువకుడు అత్తవారింట అడుగుపెడతాడు. అత్తగారి దర్పం ముందు ఆత్మాభిమానం చంపుకోలేక బయటికి నడుస్తాడు. పిల్లలు చెరొకచోట పెరుగుతారు. తమిళ చిత్రంలో ఆ అత్తగారు మన ఒంగోలు ఆడపడుచు జి. వరలక్ష్మి. కంఠంలోనూ చూపులోనూ ఆమెకున్న అధికారం పాత్రకు అతికినట్టు సరిపోయింది. తెలుగు ప్రేక్షకుడికి ఈ ఇల్లు బాగా పరిచయం. 1959లో వచ్చిన 'ఇల్లరికం' ఇదే బాధను నడిపించింది. అందులో నాయిక కూడా జమునే. 1962 'గుండమ్మ కథ'లో గారాబంగా పెరిగిన కూతురు సరోజ కూడా ఆమే. ఆ రెండు పాత్రల జ్ఞాపకం వెంటబెట్టుకునే జనం 'లేత మనసులు'కు వచ్చారు. భర్త వైపు మనసు, తల్లి మాట దాటలేని అశక్తత, ఈ రెండింటి మధ్య ఆమె ముఖం మీద కదిలే నీడలకు సంభాషణ అక్కర్లేదు.

ఇల్లరికాన్ని తెచ్చి పెట్టడం తెలివైన పని. కథకు మన నేల దొరికింది. విడిపోవడానికి అందరికీ అర్థమయ్యే కారణం దొరికింది. డిస్నీ వదిలేసిన 'ఎందుకు' అన్న ప్రశ్నకు మద్రాసు జవాబు వెతికిందన్నది మనవారికి దక్కవలసిన గౌరవం. దానికి చెల్లించిన మూల్యమూ చిన్నది కాదు. తప్పంతా ఒక్క అత్తగారి నెత్తిన పడింది. ఆమె అహంకారం దిగిపోతే కాపురం చక్కబడుతుందన్నప్పుడు భార్యకూ భర్తకూ ఒకరితో ఒకరు తేల్చుకోవలసింది ఏమీ మిగలదు. కెస్ట్‌నర్ తల్లీ తండ్రీ ఇద్దరూ మంచివాళ్లు, ఇద్దరూ తప్పు చేసినవాళ్లు. సంగీతం రాసుకోవడానికి ఏకాంతం కావాలన్న భర్త, ఆ ఏకాంతంలో తనకు చోటు లేదనుకున్న చిన్నవయసు భార్య. ఆ కథలో దోషిని వెతికితే దొరకడు. మన సినిమాలో దోషి మొదటి రీలులోనే దొరుకుతుంది. తర్వాతి దశాబ్దాల్లో పొగరుబోతు అత్తను అల్లుడు లొంగదీసే సినిమాలు తెలుగులో వరస కట్టాయి. ఆ బాటలో 'లేత మనసులు' కూడా ఒక మైలురాయే అని ఒప్పుకోవాలి.

మద్రాసు చేసిన రెండో మార్పు దేవుడు. తమిళ చిత్రం పేరులోనే బిడ్డ, దైవం పక్కపక్కన నిలిచారు. వియన్నాకు మారిన లోట్టే తన బాధ తండ్రికి చెప్పుకోలేక జ్వరపడుతుంది. మన పిల్ల దేవుడితో మొరపెట్టుకుంటుంది. విడిపోయిన కోడి జంట మధ్య అల్లాడే పిల్లల బాధను సుశీల గొంతులో పలికించిన పాట ఈ సినిమాకు ఆయువుపట్టు. వినడానికి అది బడిపిల్లల ఆటపాట. నిజానికి అది విడిపోయిన తల్లిదండ్రుల మీద పిల్లల ఫిర్యాదు. కెస్ట్‌నర్ పుట ఆపి చెప్పిన మాటను మనవాళ్లు పాటలో చెప్పారు. పిల్లలు పడుతున్న బాధను పిల్లల నోటనే, పిల్లలకు అర్థమయ్యే బొమ్మలతో చెప్పించారు. ఆ ఒక్క చోట 'లేత మనసులు' డిస్నీ చిత్రం కన్నా మూలానికి దగ్గరగా నిలిచిందని నా నమ్మకం.

కుట్టి పద్మిని గురించి వేరుగా చెప్పకపోతే అన్యాయం. అప్పటికి ఆమెకు పదేళ్లు అటూ ఇటూ. జర్మన్ చిత్రంలో కవలలు నిజంగా ఇద్దరు. హేలీ మిల్స్ పద్నాలుగేళ్లకే అనుభవం ఉన్న నటి, తల్లిదండ్రులూ కళాకారులే. ఈ పిల్ల రెండు భాషల్లో, రెండు స్వభావాలను, ఎదుట ఎవరూ లేని ఖాళీ వైపు చూసి మాట్లాడుతూ నటించింది. కవలల్లో ఒక పిల్ల రెండో పిల్లలా నటిస్తున్నట్టు కనిపించవలసిన చోట్లుంటాయి. చిన్న తొట్రుపాటు ఒకటి, కనురెప్ప ఆలస్యంగా వాలడం ఒకటి చూపి, ఇంట్లో ఉన్నది ఎవరో మనకు తెలిసేలా, తెర మీది పెద్దలకు తెలియకుండా నడిపించింది. మాస్క్ షాట్ అతుకు అక్కడక్కడా కనిపించినా ఆమె నటనలో అతుకు కనిపించదు.

తర్వాతి చరిత్ర క్లుప్తం. 1994లో జర్మనీలో యోసెఫ్ ఫిల్స్‌మాయర్ దీన్ని మళ్లీ తీశాడు. 1995లో ఓల్సెన్ కవలలు ఇలాంటి కథతోనే 'ఇట్ టేక్స్ టూ'లో నటించారు. 1998లో నాన్సీ మేయర్స్ దర్శకత్వంలో పదకొండేళ్ల లిండ్సే లోహన్‌తో 'ది పేరెంట్ ట్రాప్' కొత్తగా వచ్చింది. లండన్‌లో పెళ్లిబట్టల రూపశిల్పి తల్లి, నాపా లోయలో ద్రాక్షతోటల తండ్రి. కేబుల్ టీవీ కాలంలో పెరిగిన మన పిల్లలకు తెలిసింది ఇదే. 2001లో కాజోల్ 'కుఛ్ ఖట్టీ కుఛ్ మీఠీ'తో హిందీ తెర మళ్లీ ఈ కథకు వచ్చింది. వీటిలో దేనిలోనూ రంపం పట్టుకున్న తండ్రి కనిపించలేదు.

కెస్ట్‌నర్‌కు 1960లో హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ పతకం వచ్చింది. 1974 జూలైలో మ్యూనిక్‌లో కన్నుమూశాడు. మన ఇళ్లలో ఇప్పుడు విడాకులు మాటవరసకు అనేవి కావు. హైదరాబాదు, విజయవాడ బడుల్లో సెలవులకు ఒక ఇంటికి, పండుగకు ఇంకో ఇంటికి వెళ్లే పిల్లలు ఉన్నారు. అత్తగారిని దోషిని చేస్తే వాళ్లకు సమాధానం దొరకదు. తల్లినీ తండ్రినీ ఇద్దరినీ ప్రేమిస్తూ ఇద్దరినీ ప్రశ్నించే ఆ 1949 నాటి నవల వాళ్ల చేతికి అందాలి. జర్మన్ నుంచి నేరుగా, వాల్టర్ ట్రియర్ బొమ్మలతో సహా, షర్లీ టెంపుల్ పుటను కత్తిరించకుండా దాన్ని తెలుగు చేయడానికి అనువాదకులూ పిల్లల పుస్తకాల ప్రచురణకర్తలూ పూనుకోవాలని కోరుతున్నాను.